మెర్జ్ చేశాక వరుసల లెక్క తేడా వస్తోంది: డేటా అనాలిసిస్ మొదలుపెట్టినవాళ్ల ప్రశ్నలు, జవాబులు

#1 వేదవతి_ఎం

అందరికీ నమస్కారం. పైథాన్‌లో పట్టికల పనికి వాడే పాండాస్ లైబ్రరీలో జాయిన్లు (ఉమ్మడి కాలమ్‌ను బట్టి రెండు పట్టికలను కలపడం, పాండాస్‌లో దీని పేరు మెర్జ్) నేర్చుకుంటున్నాను. నా దగ్గర రెండు పట్టికలున్నాయి.

మార్కుల పట్టిక: 1,200 వరుసలు. 400 మంది విద్యార్థులు, ఒక్కొక్కరికి 3 సబ్జెక్టులు.
విద్యార్థుల పట్టిక: 405 వరుసలు. కాలమ్‌లు: ఐడీ, సెక్షన్, నమోదు తేదీ.

మార్కుల పట్టికను ఎడమవైపు పెట్టి ఐడీ మీద లెఫ్ట్ జాయిన్ (ఎడమవైపు వరుసలన్నిటినీ ఉంచేది) చేస్తే 1,224 వరుసలు వస్తున్నాయి. ఇన్నర్ జాయిన్ (రెండువైపులా ఉన్న ఐడీలనే ఉంచేది) చేస్తే సరిగ్గా 1,200. మొదట ఉన్నవీ 1,200 కాబట్టి ఇన్నర్ జాయినే సరైనదని ముందుకు వెళ్లొచ్చా? చివరికి సెక్షన్ల వారీగా సగటు మార్కులు తియ్యాలి.

#2 పట్టికల_రాఘవ

వెళ్లకండి వేదవతి గారూ. ఆ 1,200 చూడ్డానికే సరిగ్గా ఉంది. లోపల రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేస్తున్నాయి.

లెఫ్ట్ జాయిన్‌లో ఎడమవైపు వరుస ఏదీ పోదు. ఆ లెక్క పెరిగిందంటే కారణం ఒక్కటే: కుడివైపు కొన్ని ఐడీలు ఒకటికంటే ఎక్కువసార్లు ఉన్నాయి. పెరిగినవి 24. ఒక్కో విద్యార్థికి 3 వరుసలు. అంటే దాదాపుగా 8 మంది ఐడీలు విద్యార్థుల పట్టికలో రెండేసి సార్లు ఉండాలి.

ఆ 24 అదనపు వరుసలు ఇన్నర్ జాయిన్‌లోనూ పుడతాయి. అయినా 1,200 దగ్గరే ఆగిందంటే ఇంకో 24 వరుసలు ఎక్కడో రాలిపోయాయన్నమాట. అంటే 8 మంది విద్యార్థులకు కుడివైపు జోడీ దొరకలేదు. ఇన్నర్ వాడితే ఎనిమిది మంది మార్కులు రెండుసార్లు లెక్కకొస్తాయి, ఇంకో ఎనిమిది మంది అసలు లెక్కలోనే ఉండరు. వరుసల సంఖ్య మాత్రం అద్దంలా కనిపిస్తుంది.

ఈ మూడూ చేసి ఫలితాలు ఇక్కడ పెట్టండి:

1. విద్యార్థుల పట్టికలో మొత్తం వరుసలెన్ని, వేర్వేరు ఐడీలెన్ని (ఎన్‌యూనిక్).
2. డూప్లికేటెడ్‌కు కీప్ = ఫాల్స్ ఇచ్చి, రిపీటైన ఐడీల వరుసలన్నీ బయటికి తియ్యండి. కీప్ ఇవ్వకపోతే మొదటిసారి వచ్చిన వరుస కనిపించదు, పోల్చి చూడటం కుదరదు.
3. అవుటర్ జాయిన్ (రెండువైపుల వరుసలన్నిటినీ ఉంచేది) చేసి ఇండికేటర్ = ట్రూ పెట్టండి. రెండువైపులా ఉన్నవెన్నో, ఎడమవైపు మాత్రమే ఉన్నవెన్నో, కుడివైపు మాత్రమే ఉన్నవెన్నో చివరి కాలమ్ చెబుతుంది.

#3 కౌముది_టి

రాఘవ గారి తనిఖీలకు ముందు ఒక మెట్టుంది. జాయిన్ గురించి వచ్చే ప్రశ్నలన్నిటికీ మూలం అక్కడే.

ప్రతి పట్టికకూ "ఒక వరుస అంటే ఏమిటి" అన్నది ఒక్క వాక్యంలో రాసుకోండి. మార్కుల పట్టికలో ఒక వరుస అంటే "ఒక విద్యార్థికి ఒక సబ్జెక్టులో వచ్చిన మార్కు". విద్యార్థుల పట్టికలో ఒక వరుస అంటే "ఒక విద్యార్థి" అని మనం అనుకుంటున్నాం. ఆ అనుకోవడాన్ని పరీక్షించాలి. ఐడీ ఒక్కటే వరుసను గుర్తిస్తే ఐడీలో రిపీట్లు సున్నా ఉండాలి. మార్కుల పట్టికలో ఐడీ, సబ్జెక్టు రెండూ కలిపి చూస్తే సున్నా ఉండాలి. ఆ సున్నా రాలేదంటే పట్టిక మీరు అనుకున్నది కాదు. అది తేలకుండా సగటు తీసినా, గ్రాఫ్ గీసినా, మోడల్ కట్టినా వచ్చే జవాబు ఇంకేదో ప్రశ్నకు జవాబవుతుంది.

#4 వేదవతి_ఎం

చేశాను. విద్యార్థుల పట్టిక: 405 వరుసలు, 397 వేర్వేరు ఐడీలు.
రిపీటైనవి 8 ఐడీలు, 16 వరుసలు. ఆ ఎనిమిది మందికీ సెక్షన్ వేరు, నమోదు తేదీ వేరు.
అవుటర్ జాయిన్: మొత్తం 1,229. రెండువైపులా 1,200, ఎడమవైపు మాత్రమే 24, కుడివైపు మాత్రమే 5.
ఆ 5 ఐడీలూ ఎడమవైపు మిగిలినవాటిలో ఐదింటిలాగే కనిపిస్తున్నాయి. కంటికి తేడా తెలియడం లేదు.

#5 పట్టికల_రాఘవ

కంటికి తెలియకపోతే పొడవు కొలవండి. రెండు పట్టికల్లోనూ ఐడీ కాలమ్‌కు లెన్ తియ్యండి. కుడివైపు ఐదింటి పొడవు ఒక అక్షరం ఎక్కువ వస్తుంది, చివర ఖాళీ స్పేస్ ఉండి ఉంటుంది. స్ట్రిప్ (మొదట్లో, చివర ఉన్న ఖాళీలు తీసేసే ఫంక్షన్) చేస్తే పోతుంది. పైథాన్ స్ట్రిప్ మామూలు స్పేస్‌తో పాటు లైన్ విరగకుండా పెట్టే నాన్ బ్రేకింగ్ స్పేస్‌ను కూడా తీసేస్తుంది. కంటికి కనపడని, వెడల్పు లేని జీరో విడ్త్ స్పేస్‌ను తియ్యదు, దాన్ని రీప్లేస్‌తో విడిగా తియ్యాలి. ఐడీలు కాక తెలుగు పేర్ల మీద జాయిన్ చేసేవాళ్లకు ఈ బెడద మరీ ఎక్కువ. ఒకే మాటను ఒకరు మధ్యలో నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనపడని గుర్తు) పెట్టి, మరొకరు పెట్టకుండా టైప్ చేస్తారు. చూడ్డానికి దాదాపు ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కు అవి వేరు మాటలు.

ఇక ఆ 8 ఐడీలు. వాళ్లు సెక్షన్ మారారు, పాత వరుస అలాగే ఉండిపోయింది. అంటే మీ పట్టికలో ఒక వరుస "ఒక విద్యార్థి" కాదు, "ఒక విద్యార్థి ఒక సెక్షన్‌లో నమోదు కావడం". ఏ వరుస ఉంచాలన్నది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది. పరీక్ష రోజున ఏ సెక్షన్‌లో ఉన్నారో కావాలంటే పరీక్ష తేదీకి ముందున్న నమోదుల్లో చివరిది ఉంచాలి. ఇప్పుడు ఎక్కడున్నారో కావాలంటే అన్నిటికన్నా కొత్తది. డ్రాప్ డూప్లికేట్స్‌కు ఐడీ కాలమ్ ఒక్కటే ఇచ్చి ఊరికే పిలిస్తే ఫైల్‌లో ముందొచ్చిన వరుస మిగులుతుంది, దాని వెనక తర్కమేమీ ఉండదు. ముందు తేదీ ప్రకారం సార్ట్ చేసి, తర్వాత ఐడీతో పాటు కీప్ = లాస్ట్ ఇవ్వండి.

రెండూ సరిచేశాక లెఫ్ట్ జాయిన్‌లో 1,200 రావాలి. వాటిలో 9 వరుసలకు, అంటే 3 విద్యార్థులకు, సెక్షన్ ఖాళీగా ఉంటుంది. వాళ్లు విద్యార్థుల పట్టికలో నిజంగానే లేరు. ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది: గ్రూప్‌బై (గుంపుల వారీ లెక్క) సెక్షన్ చేస్తే ఖాళీ సెక్షన్ ఉన్న వరుసల్ని పాండాస్ చప్పుడు చెయ్యకుండా వదిలేస్తుంది. డ్రాప్‌ఎన్ఏ = ఫాల్స్ ఇస్తే అవి విడి గుంపుగా కనిపిస్తాయి. సెక్షన్ల కౌంట్లన్నీ కూడితే 1,200 రావాలి. 1,191 వచ్చిందంటే అవి జారిపోయినట్టే.

ఇకమీదట ప్రతి మెర్జ్‌కూ వ్యాలిడేట్ అన్న ఆర్గ్యుమెంట్ ఇవ్వండి. మీ విషయంలో దాని విలువ మెనీ టు వన్. కుడివైపు ఐడీ రిపీటైతే అక్కడికక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

#6 క్వెరీ_సుధ

డేటాబేస్‌లను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లో చేసేవాళ్లకు: అక్కడ వ్యాలిడేట్ లాంటిది లేదు. జాయిన్‌కు ముందు ఐడీ మీద గ్రూప్ బై చేసి, హ్యావింగ్ కౌంట్ ఒకటికంటే ఎక్కువ అని అడగండి. ఒక్క వరుస కూడా రాకూడదు.

ఖాళీ కీల దగ్గర రెంటికీ పెద్ద తేడా ఉంది. ఎస్‌క్యూఎల్‌లో నల్ (ఖాళీ విలువ) ఇంకో నల్‌తో సమానం కాదు కాబట్టి అవి జత కావు. పాండాస్ మెర్జ్‌లో ఖాళీ కీ ఇంకో ఖాళీ కీతో జతవుతుంది. ఎడమవైపు 10, కుడివైపు 20 ఖాళీ ఐడీలుంటే 200 వరుసలు పుట్టుకొస్తాయి.

లెఫ్ట్ జాయిన్ రాసి, కింద వరుసల్ని వడకట్టే వేర్‌లో కుడి పట్టిక కాలమ్ మీద షరతు పెడితే జత దొరకని వరుసలన్నీ రాలిపోయి అది ఇన్నర్ జాయిన్‌లా పనిచేస్తుంది. ఆ షరతు జాయిన్ షరతులు రాసే ఆన్ భాగంలో ఉండాలి.

#7 సుధీర్_కె

ఇదే కోవలో నాదొక సందేహం. మార్కుల కాలమ్‌లో పరీక్షకు రానివాళ్లకు "ఏబీ" అని ఉంది. దానివల్ల కాలమ్ మొత్తం టెక్స్ట్‌గా లోడవుతోంది, సగటు రావడం లేదు. అన్నిటినీ సున్నా చేసెయ్యమని ఒక సలహా, సగటుతో నింపమని ఇంకో సలహా. ఏది మంచిది?

#8 సంఖ్యాశాస్త్రి

రెండూ వద్దు, ముందు ఒకటి తేల్చుకోవాలి. "రాలేదు" అన్నదీ "సున్నా వచ్చింది" అన్నదీ రెండు వేర్వేరు సంగతులు. నలుగురిలో ముగ్గురికి 60, 70, 80, ఒకరు రాలేదు అనుకోండి. ఖాళీగా ఉంచితే సగటు 70: రాసినవాళ్లు ఎలా రాశారన్న ప్రశ్నకు అది జవాబు. సున్నా పెడితే 52.5: గైర్హాజరును సున్నాగా లెక్కించే నియమం నిజంగా ఉన్నప్పుడే ఆ అంకెకు అర్థం. నియమం లేకుండా సున్నా పెడితే మీరు డేటాను శుభ్రం చేసినట్టు కాదు, కొత్త డేటా పుట్టించినట్టు.

సగటుతో నింపితే సగటు మారదు గానీ చెదురు తగ్గిపోతుంది. 60, 70, 80 స్టాండర్డ్ డీవియేషన్ (చెదురును కొలిచే అంకె) 10. నాలుగోదాన్ని 70తో నింపితే 8.16. ఖాళీలు ఎంత ఎక్కువైతే డేటా అంత నిలకడగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఆ తర్వాత లెక్కించే కోరిలేషన్లు (రెండు కాలమ్‌లు ఎంత కలిసి మారుతున్నాయో చెప్పే అంకెలు) కూడా నీరసిస్తాయి.

చెయ్యాల్సింది ఇది. ఒరిజినల్ కాలమ్‌ను ముట్టుకోకండి. కొత్త కాలమ్‌లో టు న్యూమెరిక్ వాడి ఎర్రర్స్ = కోయెర్స్ ఇవ్వండి, అంకె కానివన్నీ ఖాళీలవుతాయి. వెంటనే కొత్తగా ఖాళీ అయిన వరుసల్లో ఒరిజినల్ విలువలేమిటో వ్యాల్యూ కౌంట్స్‌తో చూడండి. "ఏబీ" ఒక్కటే ఉంటే సరే. "7O" అని సున్నా బదులు ఓ అక్షరం కొట్టినవి, "65/100" లాంటివి కూడా ఉంటే వాటిని విడిగా బాగుచెయ్యాలి. కోయెర్స్ తేడా చూడకుండా అన్నిటినీ మింగేస్తుంది. చివరగా "హాజరు" అని ట్రూ, ఫాల్స్ కాలమ్ ఒకటి కట్టండి. రానివాళ్లు ఎక్కువగా ఒకే సెక్షన్‌లో ఉన్నారని తేలితే, ఆ సెక్షన్ సగటును వేరే సెక్షన్‌తో పోల్చడమే అనుమానించాల్సిన పని.

-1, 99, 999 లాంటి అంకెల్ని ఖాళీకి గుర్తుగా వాడిన ఫైళ్లు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే కాలమ్ అంకెలుగానే లోడవుతుంది. డిస్క్రైబ్‌లో మినిమమ్, మాగ్జిమమ్ చూసే అలవాటుంటే దొరికిపోతాయి.

#9 నంపై_నరేన్

శాస్త్రి గారి లెక్కకు చిన్న చేర్పు. 60, 70, 80లకు ఏమీ నింపకుండానే పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైలో స్టాండర్డ్ డీవియేషన్ తీస్తే 8.16 వస్తుంది, పాండాస్‌లో 10. నంపై డిఫాల్ట్‌గా ఎన్‌తో (విలువల సంఖ్యతో) భాగిస్తుంది, పాండాస్ ఎన్ మైనస్ 1తో. డీడీఓఎఫ్ (ఎన్ నుంచి తీసెయ్యాల్సిన అంకె) విలువ మీరే ఇచ్చేస్తే రెంటిలో ఒకే జవాబు వస్తుంది. వరుసలు వేలల్లో ఉంటే తేడా కనపడదు, గ్రూపుకు పది వరుసలున్నప్పుడు కనపడుతుంది.

#10 వేదవతి_ఎం

సరిచేశాను, 1,200 వచ్చింది, సెక్షన్ ఖాళీగా ఉన్న 9 వరుసలు విడిగా కనిపిస్తున్నాయి. సెక్షన్ల సగటులు కూడా వచ్చాయి. మొత్తం సగటు కోసం ఆ సెక్షన్ సగటులన్నిటినీ కలిపి సగటు తియ్యొచ్చా?

#11 కౌముది_టి

సెక్షన్లన్నీ ఒకే సైజులో ఉంటేనే. ఒక సెక్షన్‌లో 40 మంది, సగటు 70. ఇంకోదాంట్లో 10 మంది, సగటు 90. సగటుల సగటు 80. అసలు సగటు (2,800 + 900) ÷ 50, అంటే 74. ఇక్కడ కూడా వరుస అర్థం మారిపోయింది చూడండి: గ్రూప్‌బై చేశాక ఒక వరుస అంటే ఒక సెక్షన్, విద్యార్థి కాదు. గ్రూప్‌బై ఫలితంలో సగటు పక్కన కౌంట్ లేకుండా ఎప్పుడూ ఉంచకండి.

ఇది ముదిరితే సింప్సన్ పారడాక్స్ (మొత్తంలో కనిపించేది గుంపులుగా విడదీస్తే తిరగబడటం) దాకా వెళ్తుంది. 1986లో ప్రచురితమైన కిడ్నీ రాళ్ల చికిత్స లెక్కలు దీనికి పేరుపడ్డ ఉదాహరణ. చికిత్స ఏ: 350 మందిలో 273 మందికి ఫలించింది, 78 శాతం. చికిత్స బి: 350లో 289, 83 శాతం. బి మెరుగన్నమాట. ఇప్పుడు రాయి సైజు ప్రకారం విడదీయండి. చిన్న రాళ్లలో ఏ 87లో 81 (93 శాతం), బి 270లో 234 (87 శాతం). పెద్ద రాళ్లలో ఏ 263లో 192 (73 శాతం), బి 80లో 55 (69 శాతం). రెండు చోట్లా ఏ మెరుగు. కష్టమైన పెద్ద రాళ్ల కేసులు ఎక్కువగా ఏకే వెళ్లాయి, అందుకే మొత్తం కలిపితే అది వెనకబడినట్టు కనిపించింది.

ఏ కాలమ్ ప్రకారం విడదీయాలన్నది పాండాస్ చెప్పదు. చికిత్స ఎంపికనూ ఫలితాన్నీ రెంటినీ ప్రభావితం చేసేది ఏమిటని ఆ రంగం తెలిసినవాళ్లను అడగాలి. నా దృష్టిలో అనాలిసిస్‌లో అసలు పని ఇదే, కోడ్ దీని తర్వాతే.

#12 ఫైళ్ల_ఫణి

జాయిన్ దాకా రాకముందే, ఫైల్ చదివేటప్పుడే పాడయ్యేవి కొన్ని ఉన్నాయి.

ఐడీలను, పిన్‌కోడ్‌లను, ఫోన్ నంబర్లను అంకెలుగా చదవనివ్వకండి. 00417 కాస్తా 417 అవుతుంది. ఫైల్ చదివే రీడ్ సీఎస్‌వీలో డీటైప్ (కాలమ్ రకం) కింద ఆ కాలమ్‌లకు స్ట్రింగ్ అని ఇవ్వండి. పూర్ణాంకాల కాలమ్‌లో ఒక్క ఖాళీ ఉన్నా పాండాస్ డిఫాల్ట్‌గా దాన్ని ఫ్లోట్ (దశాంశ సంఖ్య) చేస్తుంది, 417 కాస్తా 417.0 అవుతుంది. దాన్ని టెక్స్ట్‌గా మార్చి జాయిన్ చేస్తే ఏదీ కలవదు.

"ఎన్ఏ" అన్న రెండక్షరాలను రీడ్ సీఎస్‌వీ ఖాళీగా చదువుతుంది. నమీబియా దేశపు రెండక్షరాల కోడ్ కూడా అదే. దేశాల కోడ్‌లున్న ఫైల్‌లో ఒక దేశం మొత్తం మాయమవుతుంది. కీప్ డిఫాల్ట్ ఎన్ఏ = ఫాల్స్ ఇచ్చి, నిజంగా ఖాళీ అనుకోవాల్సిన గుర్తుల్ని మీరే ఇవ్వండి.

తేదీలు: 03/04 అంటే మార్చి 4 కావచ్చు, ఏప్రిల్ 3 కావచ్చు. ఫార్మాట్‌ను మీరే రాసి ఇవ్వండి. రోజు 12 దాటిన తేదీలే అసలు ఫార్మాట్‌ను బయటపెడతాయి.

ఎక్సెల్‌లో ఒక షీట్‌కు 1,048,576 వరుసలే పడతాయి, పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్‌లో 65,536. 2020లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాకపోవడానికి కారణం ఈ పాత ఫార్మాట్ హద్దే. ఫైల్ ఇచ్చినవాళ్లను "మీ దగ్గర ఎన్ని వరుసలున్నాయి" అని అడిగి, మీ దగ్గర లోడైన సంఖ్యతో సరిచూడండి. అర నిమిషం పని.

#13 సుధీర్_కె

మోడళ్ల సంగతి. టైటానిక్ డేటా మీద, ఏ ప్రయాణికులు బతికారో అంచనా వేసే నా మోడల్ 79 శాతం అక్యూరసీ (సరైన అంచనాల వాటా) ఇస్తోంది. మొదటి మోడల్‌కు ఇది బాగున్నట్టేనా?

#14 సంఖ్యాశాస్త్రి

దేనితో పోల్చి? డేటా పోటీల సైట్ కాగుల్‌లో ఉన్న ట్రెయిన్ ఫైల్‌లో (మోడల్‌కు నేర్పడానికి ఇచ్చినది) 891 వరుసలు, బతికినవాళ్లు 342. "ఎవరూ బతకలేదు" అని కళ్లు మూసుకుని చెప్పినా 549 సరైనవే, 61.6 శాతం. ఆడవాళ్లు 314 మందిలో 233 మంది, మగవాళ్లు 577లో 109 మంది బతికారు. కాబట్టి "ఆడవాళ్లంతా బతికారు, మగవాళ్లంతా పోయారు" అన్న ఒక్క నియమంతో 701 సరిపోతాయి, 78.7 శాతం. మీ 79 శాతం ఆ ఒక్క కాలమ్‌ను నేర్చుకోవడం వరకే వచ్చింది. ముందు ఈ రెండు బేస్‌లైన్లూ రాసిపెట్టుకుని, తర్వాత మోడల్ కట్టండి.

అదే ఫైల్‌లో వయసు 177 వరుసల్లో, క్యాబిన్ 687 వరుసల్లో ఖాళీ. క్యాబిన్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా లేనిదాన్ని నింపడం వృథా. ఉందా లేదా అన్న కాలమ్ ఒక్కటి చాలు.

#15 మోడల్_మాధవి

సుధీర్ గారూ, స్కేలింగ్‌ను (కాలమ్‌లను ఒకే కొలతకు తేవడం), ఖాళీలు నింపడాన్ని ట్రెయిన్ (నేర్పే భాగం), టెస్ట్ (పరీక్షించే భాగం) విడదీయకముందే చేశారా? చేస్తే టెస్ట్ వరుసల సమాచారం ట్రెయిన్‌లోకి కారుతుంది. ముందు విడదీయాలి, ఫిట్ (లెక్కలు నేర్చుకోవడం) ట్రెయిన్ మీద మాత్రమే, టెస్ట్ మీద ట్రాన్స్‌ఫామ్ (నేర్చుకున్నవి అమలు చెయ్యడం) మాత్రమే. మోడళ్ల లైబ్రరీ సైకిట్ లెర్న్‌లో పైప్‌లైన్‌లో పెడితే ఈ క్రమం తప్పదు.

వేదవతి గారి మార్కుల డేటా మీద మోడల్ కడితే ఈ కారడం, అంటే లీకేజీ, ఇంకో దారిలో వస్తుంది. ఒక్కో విద్యార్థికి 3 వరుసలు. వరుసల్ని యాదృచ్ఛికంగా చీలిస్తే ఒకే విద్యార్థి ఒక సబ్జెక్టు ట్రెయిన్‌లో, ఇంకోటి టెస్ట్‌లో పడతాయి. మోడల్ ఆ విద్యార్థిని గుర్తుపట్టి మంచి స్కోరు తెచ్చుకుంటుంది, కొత్త విద్యార్థి వస్తే తేలిపోతుంది. ఒకే ఐడీ వరుసలన్నిటినీ ఒకే వైపు ఉంచే గ్రూప్ షఫుల్ స్ప్లిట్ గానీ గ్రూప్ కే ఫోల్డ్ గానీ వాడి, గ్రూప్‌గా ఐడీ ఇవ్వండి. స్కోరు తగ్గుతుంది. తగ్గిన స్కోరే కొత్తవాళ్ల మీద ఆశించదగ్గది.

పాస్, ఫెయిల్ అంచనా వేస్తూ ఫీచర్లలో (మోడల్‌కు ఇచ్చే కాలమ్‌లలో) గ్రేడ్ కాలమ్ ఉంచడం కూడా లీకేజీయే. ప్రతి కాలమ్ దగ్గరా "అంచనా వేసే క్షణానికి ఇది నాకు తెలిసి ఉంటుందా" అని అడగండి.

#16 సుధీర్_కె

క్రమం సరిచేశాను, 81 శాతం వచ్చింది. మెరుగుపడినట్టేనా? ఇంకోటి: గ్రాఫులు గీయకుండా కోరిలేషన్ పట్టిక చూస్తే సరిపోదా?

#17 కౌముది_టి

రెండోదానికి నేను చెబుతాను, సరిపోదు. 1973లో సంఖ్యాశాస్త్రవేత్త ఆన్‌స్కోంబ్ నాలుగు చిన్న డేటాసెట్లు కట్టి చూపించాడు, ఒక్కోదాంట్లో 11 పాయింట్లు. నాలుగింటిలోనూ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, కోరిలేషన్ 0.816 దగ్గర, గీత కూడా ఒకటే: వై = 3 + 0.5 ఎక్స్. గీసి చూస్తే ఒకటి మామూలు చెదురు, ఒకటి వంపు, ఒకదాంట్లో సరళరేఖకు దూరంగా ఒక పాయింట్, నాలుగోదాంట్లో ఒక్క పాయింటే మొత్తం సంబంధాన్ని మోస్తోంది. గ్రాఫుల లైబ్రరీ సీబార్న్‌లో ఈ డేటా అందుబాటులో ఉంది, తెచ్చుకుని గీయండి.

#18 సంఖ్యాశాస్త్రి

మొదటిది. 891లో 20 శాతం టెస్ట్‌కు తీస్తే 179 వరుసలు. అక్యూరసీ 80 శాతం దగ్గర ఉన్నప్పుడు స్టాండర్డ్ ఎర్రర్ (శాంపిల్ మారితే అంకె ఎంత ఊగుతుందో చెప్పేది) = 0.8 × 0.2 ÷ 179కి వర్గమూలం, అంటే దాదాపు 3 శాతం. 79కీ 81కీ మధ్య తేడా నలుగురు ప్రయాణికులు. ర్యాండమ్ స్టేట్ (చీలికను నిర్ణయించే అంకె) మారిస్తే అంతకంటే ఎక్కువే ఊగుతుంది, పది వేర్వేరు విలువలిచ్చి చూడండి. మెరుగుపడిందో లేదో ఒక్క చీలికతో తేలదు. స్ట్రాటిఫైడ్ కే ఫోల్డ్‌తో 5 ఫోల్డ్‌లు (డేటాను ఐదు భాగాలు చేసి, ఒక్కోదాన్ని వంతులవారీగా పరీక్షకు వాడటం) చేసి, రెండు మోడళ్లనూ అవే ఫోల్డ్‌ల మీద నడిపి, ఫోల్డ్‌ల వారీగా తేడా రాసుకోండి. ఐదింటిలో ఐదూ ఒకే వైపు మొగ్గితే మాట్లాడొచ్చు.

#19 మోడల్_మాధవి

శాస్త్రి గారు చెప్పిన పోలిక ట్రెయిన్ భాగంలోనే చెయ్యండి. టెస్ట్ భాగాన్ని చూసి మోడల్ మార్చి, మళ్లీ చూసి, మళ్లీ మారిస్తే అది టెస్ట్ కాకుండా పోతుంది. మోడల్ ఖరారయ్యాక ఒక్కసారి తెరవండి. రిపోర్ట్ చేసే ముందు నోట్‌బుక్‌లో కెర్నల్ (కోడ్ నడిపే ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేసి అన్ని సెల్‌లూ పైనుంచి కిందికి నడపండి. తొలగించిన సెల్‌లో పుట్టిన వేరియబుల్ మెమరీలో మిగిలిపోయి లెక్క నడుస్తున్నట్టు కనిపించడం నోట్‌బుక్‌లలో తరచూ జరిగేదే.

#20 క్వెరీ_సుధ

సుధీర్ గారూ, టైటానిక్‌లో గ్రూప్ స్ప్లిట్ కావాలంటే టికెట్ నంబర్ కాలమ్ చూడండి. ఒకే టికెట్ మీద ప్రయాణించిన కుటుంబాలున్నాయి, వాళ్ల వరుసలు ఒకదానికొకటి స్వతంత్రం కావు. స్ట్రాటిఫైడ్ గ్రూప్ కే ఫోల్డ్ వాడి, గ్రూప్‌గా టికెట్ ఇచ్చి మళ్లీ నడపండి.